లాన్ తీసేసి కూరగాయల మళ్లు చేయాలి: గరిక, తుంగ మళ్లీ లేవకుండా ఎలా?

పెరటి_పాదు (పటమట, విజయవాడ)

నమస్కారమండీ. మా ఇంటి ముందు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున లాన్ ఉంది. పరిచినప్పుడు మెక్సికన్ గడ్డి. ఇప్పుడు సగానికి పైగా గరిక, తుంగ అల్లేశాయి. రోజూ దానికి పోసే నీళ్లేవో కూరగాయలకి పోద్దామని ఇంట్లో అందరం అనుకున్నాం. పైన నాలుగంగుళాలు తోలించిన ఎర్రమట్టి, దాని కింద నల్లమట్టి, మధ్యమధ్యలో సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు తగులుతున్నాయి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి నాలుగు దాకా ఎండ పడుతుంది. బోరు ఉంది, మున్సిపల్ కొళాయి రోజుకో గంట వస్తుంది. ఇప్పుడు మార్చి ఆఖరు కదా, వానల నాటికి మళ్లు సిద్ధం కావాలి.

పవర్ వీడర్ అతను అరగంటలో మొత్తం దున్ని ఇచ్చేస్తానంటున్నాడు, దున్నించెయ్యనా? గడ్డి మీద అట్టపెట్టెలు పరిచి పైన ఎరువు పోస్తే చాలని వీడియోల్లో చూపిస్తున్నారు, మన ఎండలకి అది పనిచేస్తుందా? పశువుల ఎరువు ఎంత తెప్పించాలి? స్ప్రింక్లర్లు ఉంచాలా, తీసెయ్యాలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బొరిగె (గుంటూరు)

పెరటి పాదు గారూ, పవర్ వీడర్‌ని ఇప్పుడు లోపలికి రానివ్వకండి. గరిక తీగ ఒకటి పీకి చేతిలో పెట్టుకుని చూడండి. అంగుళానికో రెండంగుళాలకో ఒక కణుపు, కణుపు కింద తెల్లటి వేళ్లు, పక్కనే మొన తేలిన మొగ్గ కనిపిస్తాయి. వీడర్ బ్లేడు అడుగు తీగని ఏడెనిమిది ముక్కలు చేసి మట్టంతా చల్లుతుంది. తడి తగిలితే ముక్కకో మొక్క. ఇప్పుడు సగం లాన్‌లో ఉన్న గరిక ఆగస్టుకల్లా మొత్తం మళ్లలో ఉంటుంది.

తుంగ సంగతి ఇంకోటి. ఒక తుంగ మొక్క చుట్టూ జానెడు లోతు మట్టి పెళ్లగించి బకెట్ నీళ్లలో కడగండి. మొక్క అడుగున గోరంత గడ్డ, దాన్నుంచి నల్లటి దారం లాంటి వేరు, దాని చివర ఇంకో గడ్డ, మళ్లీ దారం, మళ్లీ గడ్డ. ఇవే తుంగముస్తలు. పైన పట్టుకుని లాగితే దారం తెగి ఆకు మాత్రమే చేతికొస్తుంది. అప్పటిదాకా నిద్రలో ఉన్న కింది గడ్డలు గొలుసు తెగగానే లేస్తాయి. అందుకే తుంగని పీకేకొద్దీ పెరిగినట్టుంటుంది.

మీకు కలిసొచ్చేది ఒక్కటే, అదే ఎండ. ఏప్రిల్, మే రెండు నెలలూ చేతిలో ఉన్నాయి. ఈ వరసలో చేయండి.

గడ్డిని నేలబారుగా కోసెయ్యండి. ఒకసారి బాగా తడిపి రెండు మూడు రోజులు ఆగండి. పదును (తవ్వడానికి సరిపడా తడి) వచ్చిందో లేదో చూడటానికి నాలుగంగుళాల లోతు మట్టి తీసి ముద్ద చేసి బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విడిపోతే పదును. వేలికి అంటుకుని రిబ్బనులా సాగితే ఇంకో రోజు ఆగాలి. నల్లమట్టిని తడి మీద తవ్వితే తర్వాత బెడ్డలన్నీ రాళ్లవుతాయి, పగలగొట్టలేరు.

పదును మీద పారతో అడుగు వెడల్పు పట్టీలుగా, అంగుళం అంగుళంన్నర మందంతో గడ్డిని చాపలా ఊడదీయించండి. ఇద్దరు కూలీలకి రెండు రోజుల పని. మీ లాన్ 56 చదరపు మీటర్లు, అంగుళం మందం తీసినా టన్నున్నర దాటుతుంది. దాన్ని బయట పారబోయకండి, ఉన్నంతలో మంచి మట్టి అదే. సిమెంటు గచ్చు మీద వేళ్లు పైకి ఉండేట్టు బోర్లించి రెండు వారాలు ఎండబెట్టి, కర్రతో కొట్టి మట్టి దులుపుకోండి. చేత్తో నలిపితే పుటుక్కున విరిగే గడ్డిని కంపోస్టులో వేసుకోవచ్చు. పచ్చి ఉన్నదీ, తుంగముస్తలూ చెత్తబండికి ఇచ్చెయ్యండి.

తర్వాత పలుగుతో ఎనిమిది నుంచి పదంగుళాల లోతు మట్టి లేపి తిరగెయ్యాలి. ఇక్కడే ఓపిక కావాలి. కూలీ తవ్వుతుంటే వెనకాలే ఒకళ్లు కూర్చుని గరిక తీగలు, తుంగముస్తలు, పెళ్లలు ఏరాలి. ఆ మట్టిని బెడ్డలుగానే వదిలేసి రెండు వారాలు చుక్క నీళ్లు తగలనివ్వకండి. నాలుగు రోజులకోసారి తిరగెయ్యండి. మన రైతులు వేసవి దుక్కి దున్నేది ఇందుకే. పొడిమట్టిలో ఎండకి తేలిన తుంగముస్త ఎండి చస్తుంది. మధ్యలో ఒక్కసారి తడిపారంటే రెండు వారాలూ వృథా.

అప్పుడు బెడ్డలు చితక్కొట్టి, చదును చేసి, ఎరువు కలిపి, అడుగు లోతు దాకా తడిసేట్టు నీళ్లు పెట్టి పారదర్శకమైన పాలిథిన్ కప్పండి. నల్లది వద్దు. నల్ల కవరు కింద మట్టి అంత వేడెక్కదు, పైగా తుంగ మొన సూదిలా పొడుచుకుని పైకొస్తుంది. 50 మైక్రాన్ల షీటు, ఎండకి చిట్లని యూవీ రకం అడగండి. మామూలుది నెల తిరక్కుండా పెళుసెక్కి ముక్కలవుతుంది, ఆ ముక్కలు మట్టిలోంచి ఏరలేరు. షీటు మట్టికి ఆనుకుని ఉండాలి. అంచులన్నీ ఆరంగుళాల కాలవలో పెట్టి మట్టి కప్పండి, లేకపోతే మే నెల గాలివానకి ఎగిరిపోతుంది. లోపలివైపు నీటి బొట్లు పట్టి ఉంటే పని జరుగుతున్నట్టు. పై రెండంగుళాల్లో వేడి 50 డిగ్రీలు దాటుతుంది. భరణి కార్తెలో (ఏప్రిల్ ఆఖర్న) కప్పి రోహిణి (జూన్ మొదటి వారం) దాటాక తీస్తే ఆరు వారాలు వస్తాయి.

దీంతో పైపైన ఉన్న కలుపు విత్తనాలు, గరిక ముక్కలు పోతాయి. లోతున మిగిలిన తుంగముస్తలు కొన్ని బతుకుతాయి, అది ముందే తెలుసుకుని ఉండండి. షీటు తీశాక మళ్లీ లోతుగా తవ్వకండి, కింది విత్తనాలు పైకొస్తాయి.

కలుపు మందు ఆలోచన ఉంటే మానుకోండి. గ్లైఫోసేట్‌ని 2022లో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల వాడకానికే పరిమితం చేసింది. పైగా నిద్రలో ఉన్న తుంగముస్త దాకా అది చేరదు. ఉప్పు చల్లమని చెప్పేవాళ్లూ ఉంటారు, ఆ ఉప్పు గడ్డి కంటే ముందు మీ కూరగాయల్ని చంపుతుంది.

పొదుపు_సేద్యం (తాడేపల్లి)

ఇంత తవ్వకం అవసరమా అని నా సందేహం. అట్టపెట్టెలతో కూడా చేయొచ్చు. గోధుమరంగు అట్టలు తీసుకుని టేపు, పిన్నులు పీకేసి, రెండు పొరలుగా, ఒకదానిమీదొకటి ఎనిమిది అంగుళాలు ఎక్కేట్టు పరచాలి. నీళ్లతో నానబెట్టి పైన నాలుగంగుళాల ఎరువు, దానిపైన మూడంగుళాల ఎండుగడ్డి. మట్టి కదలదు కాబట్టి వానపాములు పోవు, కలుపు విత్తనాలు పైకి రావు.

బొరిగె (గుంటూరు)

పొదుపు సేద్యం గారూ, పద్ధతి మంచిదే, ఉట్టి మెక్సికన్ గడ్డో కొరియన్ గడ్డో అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. ఇక్కడ రెండు అడ్డంకులు ఉన్నాయి. తుంగ అట్టని పొడుచుకుని వస్తుంది. గరిక అట్ట కింద నాలుగైదు అడుగులు పాకి అంచు దగ్గర తల ఎత్తుతుంది. ఇక రెండోది చెదలు. ఏప్రిల్‌లో అట్ట పరిస్తే పొద్దున పోసిన తడి సాయంత్రానికి ఆరిపోతుంది, ఆరిన అట్టంటే చెదలకి విందే. ఇంటి గోడకి దగ్గర్లో చెదల్ని పిలవడం తలుపులకీ, గుమ్మాలకీ మంచిది కాదు. అట్టలే వేయాలనుకుంటే మృగశిర వానలు పడ్డాక, గోడకి మూడడుగుల దూరంలో, తుంగ లేని చోట వేసుకోవాలి.

నడిచే దారుల్లో మాత్రం అట్టలు బాగా పనికొస్తాయి. మళ్ల మధ్య దారిలో అట్ట పరిచి పైన వేరుశనగ పొట్టు వేస్తే ఒక సీజన్ కలుపు రాదు.

ఇంకోటి చెప్పడం మర్చిపోయాను. పక్కింటి వైపు గానీ ప్రహరీ పక్కన గానీ గడ్డి పట్టీ మిగిల్చితే గరిక అక్కణ్నుంచి తిరిగొస్తుంది. ఆ అంచు పొడుగునా షాబాద్ బండ ముక్కల్ని నిలువుగా, ఎనిమిది అంగుళాలు భూమిలోకి దిగి రెండంగుళాలు పైకి ఉండేట్టు పాతండి. బండకీ బండకీ మధ్య సందు ఉంటే సిమెంటు పూయండి, గరికకి వేలెడు సందు చాలు.

నల్లరేగడి (గుంటూరు)

గడ్డి గురించి బొరిగె గారు చెప్పేశారు, నేను మట్టి, నీళ్ల గురించి చెబుతాను.

సిమెంటు పెళ్లలు తగులుతున్నాయన్నారు కాబట్టి ముందు భూసార పరీక్ష చేయించండి. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు 'వి' ఆకారంలో గుంట తీసి, గుంట గోడ పొడుగునా పలచటి పొర గీకండి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగిల్చండి. నీడలో ఆరబెట్టి ఇవ్వాలి. ఎరువు కలపకముందే తీయాలి. ఉదజని సూచిక (పీహెచ్), లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం ఈ మూడూ ముఖ్యం.

సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఉదజని సూచిక 8 దాటుతుంది. అప్పుడు లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అది ఇనుప ధాతు లోపం. చాలామంది నత్రజని తక్కువైందని యూరియా వేస్తారు, ఫలితం ఉండదు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి సాయంత్రం పూట వారం తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. జిప్సం వేయమని దుకాణంలో చెబుతారు. జిప్సం చౌడు నేలకి మందు. సున్నం వల్ల పెరిగిన క్షారం దాంతో తగ్గదు. పెళ్లలు ఏరెయ్యడం, ఏటా సేంద్రియ ఎరువు వేయడం, ఇవే దారి.

ఎరువు లెక్క: 20 అడుగుల వెడల్పులో మూడడుగుల మళ్లు నాలుగు, మధ్య దారులు అడుగున్నర చొప్పున మూడు, రెండు పక్కలా అడుగు ముప్పావు సరిపోతాయి. మడి పొడవు 28 అడుగులు అనుకుంటే మళ్ల విస్తీర్ణం 336 చదరపు అడుగులు. రెండంగుళాల మందం ఎరువుకి 56 ఘనపుటడుగులు, ట్రాక్టర్ ట్రక్కులో సగానికి కాస్త పైన. దారుల్లో వేసి వృథా చేయకండి. మాగిన ఎరువు నల్లగా, చల్లగా, వాసన లేకుండా, పిడికిట్లో పొడిగా రాలాలి. పేడ వాసన వస్తూ చెయ్యి పెడితే వెచ్చగా ఉంటే పచ్చిది. అందులో వేరుపురుగు, కలుపు విత్తనాలు రెండూ వస్తాయి. ఎరువు పాలిథిన్ కప్పకముందే కలపమన్నారు కదా, అది చాలా మంచి సలహా, ఎరువులో వచ్చిన విత్తనాలు కూడా ఉడికిపోతాయి. వేపపిండి మాత్రం షీటు తీశాక, చదరపు మీటరుకి 150 గ్రాముల చొప్పున. మీ మళ్లకి 5 కిలోలు చాలు.

ఆ లాన్‌లో వెడల్పాకు కలుపుకి 2,4-డి మందు కొట్టించారా? మాలీని అడగండి. టమాటా, వంగ, చిక్కుడు దానికి అసలు తట్టుకోవు, ఆకులు మెలిపడి చీపురు పుల్లల్లా అయిపోతాయి. అనుమానం ఉంటే ఆ మట్టి కుండీలో పోసి పది టమాటా గింజలు, పది బొబ్బర్లు వేసి మూడు వారాలు చూడండి. మొలకలు తిన్నగా వస్తే భయం లేదు.

నీళ్లు కూడా చూపించండి. గరిక ఉప్పుని బాగా ఓర్చుకుంటుంది. బోరు నీళ్లకి గడ్డి పచ్చగా ఉందంటే అవి కూరగాయలకీ పనికొస్తాయని అర్థం కాదు. ఈసీ మీటరు (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పేది) పెట్టి బోరుదీ కొళాయిదీ విడివిడిగా చూడండి.

పెరటి_పాదు (పటమట, విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలండీ. వీడర్ అతనికి వద్దని చెప్పేశాను. ఈసీ చూపించాం: బోరు 2.1, కొళాయి 0.5. 2,4-డి కొట్టలేదని మాలీ చెప్పాడు. ఈ నీళ్లతో ఏమేం వేసుకోవచ్చు? డ్రిప్ పెడితే పైపు ఎంత కొనాలి? టమాటా జూన్‌లోనే నాటాలని ఇంట్లో పట్టుబడుతున్నారు.

డ్రిప్పు_లెక్క (విజయవాడ)

స్ప్రింక్లర్లు తీసెయ్యండి. ఆకుల మీద ఉప్పునీళ్లు పడితే అంచులు మాడతాయి, వంగ మిరపలకి తెగుళ్లు వస్తాయి, దారుల్లో కలుపు పెరుగుతుంది. భూమిలో ఉన్న పీవీసీ లైనుని మాత్రం ఉంచుకోండి, దాన్నే మెయిన్‌గా వాడుకోవచ్చు. తవ్వకం మొదలుపెట్టకముందే అది ఎక్కడెక్కడ పోతుందో సున్నంతో గీత గీయండి, పలుగు పోటుకి పగిలేది అదే.

మడికి రెండు 16 ఎంఎం ఇన్‌లైన్ పైపులు, అడుగున్నర ఎడంలో. 40 సెంటీమీటర్లకో డ్రిప్పరు, గంటకి 2 లీటర్ల రకం. నాలుగు మళ్లకి 68 మీటర్లు పడుతుంది, 75 మీటర్లు కొనండి. మడికి 42 డ్రిప్పర్లు, గంటకి 84 లీటర్లు. ఎండాకాలంలో చదరపు మీటరుకి రోజుకి 6, 7 లీటర్లు కావాలి కాబట్టి 35 నుంచి 40 నిమిషాలు చాలు. నాలుగు మళ్లకీ కలిపి రోజుకి 220 లీటర్ల చిల్లర. చలికాలంలో అందులో సగం.

మేడ మీద ట్యాంకు ఏడెనిమిది మీటర్ల ఎత్తుంటే మోటారు అక్కర్లేదు. స్క్రీన్ ఫిల్టరు తప్పనిసరి, వారానికోసారి జాలీ కడగాలి. పైపు చివర మూత నెలకోసారి తీసి నీళ్లు వదలండి. బోరు నీళ్లలో సున్నం ఉంటే డ్రిప్పరు మూతి తెల్లగా గట్టిపడి మూసుకుపోతుంది. మొక్క వాడిపోయేదాకా అది కనపడదు, అందుకే మడి చివరి డ్రిప్పరు కింద లీటరు డబ్బా పెట్టి అరగంటలో లీటరు పడుతోందో లేదో అప్పుడప్పుడూ చూసుకోండి.

కొళాయి నీళ్లు 500 లీటర్ల ట్యాంకులో పట్టి బోరు నీళ్లతో సగం సగం కలిపితే ఈసీ 1.3కి వస్తుంది. దాంతో చాలా కూరలు పండుతాయి. మొలకలకీ, నారుకీ మాత్రం ఉట్టి కొళాయి నీళ్లే పోయండి.

నల్లరేగడి (గుంటూరు)

ఆ నీళ్లకి ఏవేం తట్టుకుంటాయో: గోరుచిక్కుడు, బొబ్బర్లు, బీట్‌రూట్ బాగా ఓర్చుకుంటాయి. వంగ, టమాటా, పాలకూర కలిపిన నీళ్లకి ఇబ్బంది పడవు. ఫ్రెంచ్ బీన్స్ అసలు ఓర్చుకోదు, వేయకండి. మిరప కూడా సున్నితమే, దాన్ని కొళాయి నీళ్లు సులువుగా పోయగలిగే చోట పెట్టండి. మట్టిపైన తెల్లటి పొర కడుతుంటే ఉప్పు పేరుకుంటున్నట్టు. పెద్ద వాన పడ్డప్పుడు నీళ్లు మడిలోంచి దిగి బయటికి పోయేలా దారి ఉండాలి. మళ్లు ఎనిమిది తొమ్మిది అంగుళాల ఎత్తు లేపి, దారులకి రోడ్డు కాలవ వైపు వాలు ఇవ్వండి. అక్టోబరు, నవంబరు తుపాను వానలకి నల్లమట్టిలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే వంగ, మిరప వేరు కుళ్లిపోతాయి.

బొరిగె (గుంటూరు)

టమాటా జూన్‌లో వద్దండీ. మొక్క ఏపుగా పెరుగుతుంది, పూత కూడా వస్తుంది, కానీ రాత్రి వేడి 25 డిగ్రీల కిందికి దిగకపోతే పిందె కట్టక పూత రాలిపోతుంది. పైగా తెల్లదోమ ఆకుముడత తెస్తుంది. ఆగస్టు ఆఖర్న నారు పోసి సెప్టెంబరు ఆఖర్న నాటితే సంక్రాంతికి కాయ ఉంటుంది. ముడతకి తట్టుకునే అర్క రక్షక్ లాంటి రకం చూసుకోండి.

మొదటి సీజన్‌లో మిగిలిన తుంగ, గరికలని దృష్టిలో పెట్టుకుని పంట ఎంచుకోవాలి. రెండింటికీ నీడ పడదు. అందుకని రెండు మళ్లలో మృగశిర వానకి జీలుగ (పచ్చిరొట్ట ఎరువు పైరు) చల్లండి, రెండింటికీ కలిపి 80 గ్రాముల విత్తనం రాత్రంతా నానబెట్టి. 40, 45 రోజులకి పూత రాకముందే కోసి ముక్కలు చేసి పైమట్టిలో కలిపేసి రెండు వారాలు ఆగండి. వెంటనే నాటితే కుళ్లే రొట్ట నత్రజని లాగేసుకుని మొక్కలు పసుపెక్కుతాయి. ఆ రెండు మళ్లూ సెప్టెంబరులో టమాటాకి, వంగకి సిద్ధంగా ఉంటాయి.

మిగతా రెండింటిలో ఒకదాంట్లో గుమ్మడి గానీ బూడిదగుమ్మడి గానీ రెండే పాదులు, మధ్యలో బొబ్బర్లు. ఇంకోదాంట్లో బెండ, రెండడుగుల ఎడం వరసలు, వరసలో అడుగుకో మొక్క, గింజలు కొళాయి నీళ్లలో ఒక రాత్రి నానేసి. గోంగూర బెండ పక్కనే వేయొచ్చు, వరసలుగా. తోటకూర, మెంతి, కొత్తిమీర లాంటి సన్నగింజల్ని మాత్రం మొదటి సీజన్ చల్లకండి. చల్లిన మడిలో తుంగ లేస్తే ఆకుకూర పెరక్కుండా దాన్ని తీయలేరు. కొత్తిమీరకి ఎలాగూ నవంబరు దాకా ఆగాలి.

షీటు తీసిన రోజు నుంచి క్యాలెండర్‌లో రెండు వారాలకోసారి గుర్తు పెట్టుకోండి. తుంగ మొలక బయటికొచ్చి మూడు వారాలు దాటిందంటే కింద కొత్త ముస్త కట్టడం మొదలుపెడుతుంది, ఆలోపే తీసెయ్యాలి. బొరిగెని (కలుపు తీసే చిన్న పనిముట్టు) మొలకకి రెండంగుళాల దూరంలో వాలుగా గుచ్చి, మట్టితో సహా లేపి, దారం తెగకుండా ముస్తని చేత్తో పట్టుకుని తీయండి. నాలుగు మళ్లకీ మొదట్లో గంట పడుతుంది. డిసెంబరుకల్లా పది నిమిషాల పని అవుతుంది.